పిల్లాడికి మోకాలు నొప్పా? ముందు ఆ రుద్దడం ఆపండి

మా వాడికి 13 ఏళ్లు, కబడ్డీ పిచ్చి. ఎండాకాలం సెలవుల్లో పొద్దున నల్గొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో రన్నింగ్, సాయంత్రం కబడ్డీ, ఆదివారం కూడా ఆగలేదు. మూడు వారాలకే మెట్లు ఎక్కుతుంటే మొహం చిట్లించడం మొదలుపెట్టాడు. వాళ్ల నానమ్మ వేడి నూనె పెట్టి రుద్దింది, మునుగోడు నుంచి వచ్చిన చుట్టాలేమో ‘ఫ్లోరైడ్ నీళ్లు’ అన్నారు (మా దగ్గర ఏ ఎముక నొప్పికైనా మొదట తిట్లు తినేది ఆ నీళ్లే). డాక్టర్ మోకాలి చిప్ప కింద, రెండు వేళ్ల దూరంలో ఉబ్బిన చోట వేలితో నొక్కగానే వాడు ఎగిరిపడ్డాడు. దాని పేరు ఆస్‌గుడ్ ష్లాటర్. పిల్లాడు గబగబా పొడుగయ్యే రోజుల్లో, తొడ కండరం తాలూకు నరం లాంటి పట్టీ ఇంకా గట్టిపడని ఎముకను పదే పదే లాగితే వచ్చే నొప్పి. మడమ వెనక కూడా ఇలాంటిదే వస్తుంది, ఇంకాస్త చిన్న వయసులో.

దీనికి పూర్తిగా మంచం ఎక్కించక్కర్లేదు. దూకడం, పరుగెత్తడం తగ్గించి, ఆట అయ్యాక గుడ్డలో చుట్టిన ఐస్ 15 నిమిషాలు పెట్టి, తొడ కండరాలను సాగదీసే వ్యాయామాలు చేయించాలి. తగ్గడానికి నెలలు పడుతుంది, ఎదుగుదల ఆగాక మామూలుగా అదే పోతుంది, ఆ బుడిపె మాత్రం మిగలొచ్చు. నొప్పి మాత్ర వేసి మ్యాచ్‌కి దింపడం మాత్రం వద్దే వద్దు.

పడి కాలు మడతపడ్డప్పుడు సంగతి వేరు. పిల్లల్లో కీలు దగ్గర ఎముక పెరిగే భాగం మెత్తగా ఉంటుంది, అందుకే మనం ‘బెణికింది’ అనుకున్నది ఒక్కోసారి విరగడమే అవుతుంది. ఆట ఆపి, ఐస్ పెట్టి, క్రేప్ బ్యాండేజ్ మరీ బిగించకుండా చుట్టి, కాలు దిండు మీద ఎత్తి పెట్టండి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, ఎముక మీద నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాల్సిందే. గుంజి సరిచేస్తామనే వాళ్ల దగ్గరికీ, వెదురు బద్దల కట్టుకీ పోకండి. కట్టు ఏదైనా సరే, వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే వదులు చేసి ఆసుపత్రికి పోవాలి. తలకు దెబ్బ తగిలితే ఆ రోజుకి ఆట బంద్, వాంతులు, మత్తు, పెరిగే తలనొప్పి ఉంటే 108కి ఫోన్ చేయండి. రాత్రి నిద్రలేపే నొప్పి, జ్వరంతో కలిసి వచ్చే నొప్పి ఆట వల్ల అనుకొని ఊరుకోకండి.

ఇవన్నీ రాకుండా ఉండాలంటే నేను పాటించే లెక్క ఒకటే: వారానికి ప్రాక్టీస్ గంటలు పిల్లాడి వయసు దాటకూడదు, 13 ఏళ్లవాడికి 13 గంటలు, అంతే. వారంలో ఒకటి రెండు రోజులు పూర్తి సెలవు. మొదట 10 నిమిషాలు వార్మప్. మే నెలలో మన ఎండకి పొద్దున ఎనిమిదిలోపే ముగించి, నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ తాగించండి. కోచ్ సార్‌కి ఈ మాట చెప్పడానికి మొహమాటపడ్డాను, ఆ మొహమాటానికే మూడు నెలలు పోయాయి.

తిరిగి దింపేటప్పుడు తొందర వద్దు. ఒంటికాలి మీద పదిసార్లు గెంతి నొప్పి లేదంటే నేరుగా పరుగు, అది కుదిరితే పక్కకి తిరిగే పరుగు, కూతకి వెళ్లడం అన్నిటికంటే చివర. మా వాడిప్పుడు రెండో మెట్టు మీదున్నాడు, మూడోదానికి రోజూ నా ప్రాణం తోడేస్తున్నాడు.