కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు రోజూ తిండి లెక్క రాయడం మొదలుపెట్టే ముందు

రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పని తగ్గితే పేరుకునే వ్యర్థం) పెరిగిందని తెలిసిన రోజు సాయంత్రమే చాలామంది ఫోన్‌లో ఏదో ఒక యాప్ వేసుకుని, తిన్న ప్రతి ముద్దా అందులో ఎక్కించడం మొదలుపెడతారు. ఆ తొందర సహజమే, అలవాటూ మంచిదే. అయితే ఒంట్లో ఏ జబ్బూ లేని మనిషి ఈ లెక్క తప్పితే పెద్దగా పోయేదేమీ లేదు. కిడ్నీలు సగం కూడా పనిచేయనివాళ్లు తప్పితే మాత్రం ఆ తప్పు వల్ల రక్తంలో పొటాషియం పేరుకుని గుండె కొట్టుకోవడాన్నే దెబ్బతీయవచ్చు. ఇంకోవైపు, భయంతో ఒక్కొక్కటీ మానేసుకుంటూ పోయి కండ కరిగిపోయేదాకా తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ రెండోదే. అది నెలల తరబడి చప్పుడు లేకుండా జరుగుతుంది, పైగా పుస్తకంలో అంకెలన్నీ బాగానే కనిపిస్తుంటాయి.

ముందు రిపోర్టు, తర్వాత పుస్తకం

మీరు ఏ లెక్క రాయాలో చెప్పాల్సింది మీ రక్తపరీక్ష, మూత్రపరీక్ష. ఇంకొకరి పథ్యం కాగితం కాదు. మొదటి పేజీలో మీ ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంతమాత్రం వడకడుతున్నాయో చెప్పే అంకె), మూత్రంలో ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రొటీన్), రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్, బైకార్బొనేట్, ఆల్బుమిన్ ఎంతెంత ఉన్నాయో పరీక్ష తేదీతో సహా రాసుకోండి. ఈజీఎఫ్ఆర్ 30 నుంచి 59 మధ్య ఉంటే మూడో దశ, 15 నుంచి 29 ఉంటే నాలుగో దశ, 15 కంటే తగ్గితే ఐదో దశ. కానీ దశ ఒక్కటే చూసి పథ్యం నిర్ణయించుకోకూడదు. మూడో దశలో ఉండి రక్తంలో పొటాషియం మామూలుగా, అంటే 4.2 ఉన్న మనిషి పండ్లు మానేయాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. అదే దశలో అది 5.8కి పెరిగి ఉన్న మనిషి సంగతి వేరు. పొటాషియం అయినా ఫాస్ఫరస్ అయినా రక్తంలో ఎంత ఉందో చూసే తిండిలో తగ్గించాలి. అందరికీ ఒకే అంకె లేదు.

ప్రొటీన్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అంతర్జాతీయ సంస్థ కేడీగో 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మూడో దశ నుంచి ఐదో దశ దాకా డయాలసిస్ లేని పెద్దవాళ్లు కిలో శరీర బరువుకు రోజుకు 0.8 గ్రాముల ప్రొటీన్ దగ్గర ఉండాలి. జబ్బు ముదిరే ప్రమాదం ఉన్నవాళ్లు 1.3 గ్రాములు దాటకూడదు. కొందరికి డాక్టర్లు 0.55 నుంచి 0.6 దాకా కూడా తగ్గిస్తారు. అది డైటీషియన్ దగ్గరుండి చూసుకుంటేనే చేయాల్సిన పని, సొంతంగా చేసేది కాదు. డయాలసిస్ మొదలైందంటే లెక్క తిరగబడుతుంది. ప్రతి డయాలసిస్‌లోనూ కొంత ప్రొటీన్ పోతుంది కాబట్టి కిలోకు 1.0 నుంచి 1.2 గ్రాములు తినాలి. ఏళ్ల తరబడి ‘ప్రొటీన్ తగ్గించు’ అని విన్న మనిషి డయాలసిస్‌కి వచ్చాక కూడా అదే పట్టుకుని కూర్చుంటే ఒళ్లు గుల్లవుతుంది. మీ డాక్టర్ చెప్పిన అంకె ఏదో, అది ఏ బరువు మీద కట్టిందో అడిగి రాసుకోండి. కాళ్లకు నీరు పట్టి ఉన్నప్పటి బరువు మీద కడితే లెక్క మొదట్లోనే తప్పుతుంది. పిల్లలకు, గర్భిణులకు ఈ అంకెలేవీ వర్తించవు.

గ్రాముల దగ్గర జరిగే పొరపాట్లు

60 కిలోల మనిషికి 0.8 చొప్పున రోజుకు 48 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. దీన్ని చాలామంది 48 గ్రాముల మాంసం అనుకుంటారు. ఎముకలు లేకుండా ఉడికిన 100 గ్రాముల కోడిమాంసంలో సుమారు 30 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అంటే 48 గ్రాముల ముక్కలు తింటే దక్కేది 14 గ్రాములే. ఒక గుడ్డులో 6, ఒక కప్పు పాలలో 8 గ్రాములు ఉంటాయి. ఒక గుడ్డు, కప్పు పాలు, 100 గ్రాముల ఉడికిన కోడిమాంసం, 300 గ్రాముల అన్నం తిన్నారనుకోండి. 6, 8, 30, అన్నంలో మరో 8 కలిపి 52. పప్పు, కూర ఇంకా కలపకముందే 48 దాటిపోయింది. అన్నంలో కూడా ప్రొటీన్ ఉంటుందన్న సంగతి మర్చిపోతేనే ఈ తేడా వస్తుంది.

ఇంతకన్నా పెద్ద పొరపాటు బియ్యానికీ అన్నానికీ మధ్య జరుగుతుంది. యాప్‌లో ‘రైస్’ అని కొడితే రెండూ వస్తాయి. తిన్నది 300 గ్రాముల అన్నం అయితే దాదాపు 390 కేలరీలు. చూసుకోకుండా 300 గ్రాముల బియ్యం నొక్కారంటే స్క్రీన్ మీద దాదాపు 1,080 కేలరీలు, 21 గ్రాముల ప్రొటీన్ కనిపిస్తాయి. ఇక ఆ మనిషి ‘ఇవాళ్టికి చాలా ఎక్కువ తిన్నాను’ అనుకుని రాత్రి భోజనం మానేస్తాడు. నిజానికి ఆ రోజు తిన్నది చాలలేదు. కిడ్నీ జబ్బులో కిలోకు రోజుకు 25 నుంచి 35 కేలరీలు అందాలి, అంటే 60 కిలోల మనిషికి 1,500 నుంచి 2,100. ఇవి తగ్గితే శరీరం తన కండనే ఇంధనంగా కరిగించుకుంటుంది. అప్పుడు మీరు కష్టపడి కొలుచుకున్న ప్రొటీన్ కూడా ఒంటికి పట్టదు. అందుకని వండకముందు తూచారా, వండాక తూచారా అన్నది ప్రతి వరుసలోనూ రాయండి. చిన్న డిజిటల్ త్రాసు ఒకటి ఉంటే చాలు. ఎప్పుడూ తినే గిన్నెలో ఎంత పడుతుందో ఒకసారి తూచి ఆ అంకె గోడకు అంటించుకుంటే రోజూ తూచే బెడద తప్పుతుంది.

యాప్ వాడేవాళ్లు ఇంకో రెండు చూసుకోవాలి. చాలా యాప్‌లు బరువు తగ్గాలనుకునేవాళ్ల కోసం, కండ పెంచాలనుకునేవాళ్ల కోసం తయారైనవి. అవి వాటంతటవే పెట్టే కేలరీల లక్ష్యం తక్కువగానో, ప్రొటీన్ లక్ష్యం ఎక్కువగానో ఉంటుంది. ఆ రెండూ చెరిపేసి మీ డాక్టర్ ఇచ్చినవి పెట్టండి. రెండోది, పొటాషియం, ఫాస్ఫరస్ వివరాలు లేని పదార్థాలకు కొన్ని యాప్‌లు ఖాళీని సున్నాగా కలిపేస్తాయి. రోజు మొత్తానికి పొటాషియం 700 మిల్లీగ్రాములే చూపించిందంటే మీరు తక్కువ తిన్నారని కాదు, సగం పదార్థాలకు సమాచారమే లేదని. ప్యాకెట్ల మీద పొటాషియం, ఫాస్ఫరస్ రాయాలన్న నియమం అన్ని చోట్లా లేకపోవడమే దీనికి ముఖ్య కారణం.

ఉప్పు, ఉప్పు పేరుతో వచ్చే ప్రమాదం

రోజుకు సోడియం 2 గ్రాముల లోపు ఉండాలంటారు. అంటే ఉప్పు 5 గ్రాములు, సుమారు ఒక టీస్పూను. కూరలో వేసింది, ప్యాకెట్లలో దాగింది, బయట తిన్నది అన్నీ కలిపి అంతే. లేబుల్ మీద కొన్నిచోట్ల ఉప్పు అనీ, కొన్నిచోట్ల సోడియం అనీ ఉంటుంది. ఉప్పు గ్రాములను 0.4తో గుణిస్తే సోడియం వస్తుంది. ఆ అంకె ప్యాకెట్ మొత్తానికా, 100 గ్రాములకా, ఒక్క వడ్డనకా అన్నది కూడా చూడాలి.

ఇంటిల్లిపాదికీ కలిపి వండిన కూరలో మీ వంతు ఉప్పు లెక్కకట్టడం ఎవరి వల్లా కాదు. దానికంటే ఉప్పు డబ్బాను వారం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి తూచండి. తగ్గినదాన్ని మనుషుల సంఖ్యతో, ఏడు రోజులతో భాగిస్తే ఇంటి ఉప్పు సగటు తెలుస్తుంది. అది చూసి ఇల్లంతా ఉప్పు తగ్గించుకుంటే అందరికీ మేలే. ఇంకా కచ్చితంగా కావాలంటే 24 గంటల మూత్రపరీక్షలో సోడియం చూడమని డాక్టర్‌ని అడగవచ్చు. పుస్తకంలో రాసింది ఎంత నిజమో అది చెప్పేస్తుంది. మూత్రంలో యూరియాను బట్టి ప్రొటీన్ ఎంత తింటున్నారో కూడా అంచనా వేస్తారు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ‘తక్కువ సోడియం ఉప్పు’ అని అమ్మేవాటిలో సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. బీపీకి మంచిదని విని కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా దాన్ని వాడితే రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు. ప్యాకెట్ పదార్థాల్లో ఇది 508 అనే నంబరుతో కూడా కనిపిస్తుంది.

పొటాషియం పెరిగితే తప్పంతా తిండిదే కాదు

మధ్యరకం అరటిపండులో సుమారు 420 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. తొక్కతో ఉన్న మధ్యరకం బంగాళదుంపలో దాదాపు 900, ఒక యాపిల్‌లో 200 లోపు. పొటాషియం తగ్గించమని డాక్టర్ చెప్పి ఉంటే, దుంపలను చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం దాదాపు సగం పోతుంది. ఊరికే నానబెడితే పెద్దగా పోదు. ఉడికించిన నీళ్లతో చారు పెట్టుకుంటే పోయిందంతా తిరిగి వచ్చినట్టే. పండు కంటే రసం ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే గ్లాసు రసంలో మూడు నాలుగు పండ్లు తెలియకుండా దిగిపోతాయి.

కానీ రిపోర్టులో పొటాషియం పెరిగిందని కనబడగానే పండ్లనూ కూరగాయలనూ వెలివేయకండి. బీపీకి వాడే కొన్ని మందులు, కొన్ని రకాల నొప్పి మాత్రలు, రక్తంలో ఆమ్లం పెరగడం, షుగర్ అదుపు తప్పడం, మలబద్ధకం కూడా పొటాషియాన్ని పెంచుతాయి. తీసిన రక్తంలో కణాలు చిట్లినా రిపోర్టు ఎక్కువ చూపిస్తుంది. అందుకే పుస్తకంలో తిండి పక్కనే వేసుకున్న మందులు, విరేచనం అయిందో లేదో కూడా రాయండి. రాయడానికి కొంచెం మొహమాటంగా ఉన్నా డాక్టర్‌కి అది చాలా పనికొస్తుంది. నొప్పి మాత్రలైతే అడగకుండా అసలు వేసుకోవద్దు.

పొటాషియం బాగా పెరిగినా ఒక్కోసారి ఏ లక్షణమూ ఉండదు. కాళ్లూ చేతులూ పట్టు తప్పినట్టు ఉండటం, గుండె దడ, కొట్టుకోవడం తప్పినట్టు అనిపించడం, కళ్లు తిరిగి పడబోవడం జరిగితే పుస్తకం తిరగేస్తూ కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఫాస్ఫరస్‌ని మిల్లీగ్రాముల్లో లెక్కపెట్టడం, నా ఉద్దేశంలో, వృథా శ్రమ. పప్పులు, గింజల్లోని ఫాస్ఫరస్‌లో సగం కూడా ఒంటికి పట్టకపోవచ్చు. నిల్వ ఉండటానికి ప్యాకెట్ పదార్థాల్లో కలిపే ఫాస్ఫేట్లు మాత్రం దాదాపు పూర్తిగా రక్తంలోకి చేరతాయి. లేబుల్‌లో ‘ఫాస్ఫేట్’ అన్న మాట గానీ 338 నుంచి 341, 450 నుంచి 452 నంబర్లు గానీ ఉన్నాయా అని చూసి, ఉన్నది తిన్న రోజు ఒక టిక్కు పెట్టుకోండి. ఫాస్ఫరస్ తగ్గడానికి డాక్టర్ మాత్ర రాసి ఉంటే దాన్ని భోజనంతో పాటే వేసుకున్నారా అన్నది కూడా రాయాలి. విడిగా వేసుకుంటే అది చేయాల్సిన పని చేయదు.

నీళ్లు, జ్వరాలు, షుగర్ పడిపోవడం

నీళ్లు తగ్గించాలన్నది అందరికీ వర్తించదు. వాపు, ఆయాసం ఉన్నవాళ్లకు, మూత్రం తగ్గిన డయాలసిస్ వాళ్లకు డాక్టర్ కొలత చెబుతారు. అలా చెప్పి ఉంటే పాలు, టీ, చారు, ఐస్‌ముక్కలు అన్నీ ఆ కొలతలోకే వస్తాయి. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లి వచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకోండి. ఒక్క రోజులో కిలో పెరిగిందంటే అది కొవ్వు కాదు, సుమారు లీటరు నీరు. ఉప్పు తగ్గించకుండా నీళ్లు తగ్గించాలని చూస్తే దాహం ఓడిస్తుంది.

వాంతులు, విరేచనాలు, బాగా జ్వరం వచ్చిన రోజున మామూలు లక్ష్యాలు పక్కన పెట్టాలి. బీపీ, షుగర్ మందుల్లో కొన్ని అలాంటి రోజుల్లో తాత్కాలికంగా ఆపాల్సి రావచ్చు. ఏవి ఆపాలో, ఎన్ని నీళ్లు తాగాలో ఒళ్లు బాగున్నప్పుడే డాక్టర్‌ని అడిగి చివరి పేజీలో రాసి పెట్టుకోండి. మీ అంతట మీరు ఆపడం మాత్రం వద్దు.

షుగర్ ఉన్నవాళ్లకు కిడ్నీ పని తగ్గేకొద్దీ ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి, షుగర్ పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. అలాంటప్పుడు చేతికందిన నారింజ రసం తాగితే పొటాషియం కూడా వచ్చి పడుతుంది. దగ్గర 15 గ్రాముల గ్లూకోజ్ ఉంచుకోండి. పథ్యం మార్చి తిండి తగ్గించిన వారమే ఇది ఎక్కువగా జరిగే అవకాశం ఉంది, కాబట్టి మార్చే ముందే షుగర్ మందులు రాసే డాక్టర్‌కి చెప్పాలి.

లెక్కతో సంబంధం లేకుండా మానేయాల్సినవి కొన్ని ఉన్నాయి. స్టార్‌ఫ్రూట్‌లో (అడ్డంగా కోస్తే నక్షత్రంలా కనిపించే పండు) ఉండే విషపదార్థం కిడ్నీలు బయటికి పంపలేకపోతే మెదడు మీద పనిచేస్తుంది. ఆగని ఎక్కిళ్లతో మొదలై ఫిట్స్, ప్రాణాపాయం దాకా వెళ్లిన సందర్భాలు ఉన్నాయి. ఒక్క ముక్క కూడా వద్దు. ఏమేం కలిసాయో తెలియని మూలికల పొడులు, ప్రొటీన్ పొడులు, ఎక్కువ మోతాదు విటమిన్ సి, విటమిన్ ఏ మాత్రలు కూడా డాక్టర్ చూడకుండా ముట్టుకోవద్దు.

ఎన్ని రోజులు రాయాలి?

ప్రతిరోజూ ప్రతి ముద్దా జీవితాంతం రాయక్కర్లేదు. అమెరికాలోని నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ తరఫున 2020లో సవరించిన పోషకాహార మార్గదర్శకాలు మూడు రోజుల రికార్డుకే మొగ్గు చూపాయి. డయాలసిస్ ఉంటే ఆ రోజూ, లేని రోజూ రెండూ అందులో ఉండాలి. పరీక్షకు ముందు వారంలో మూడు రోజులు, ఒకటి సెలవు రోజు అయ్యేలా, దాచుకోకుండా రాస్తే డైటీషియన్‌కి కావాల్సింది దొరుకుతుంది. మిగతా రోజుల్లో బరువు, బీపీ, వాపు రాస్తే సరిపోతుంది. అంకె దాటిందని నిద్ర పట్టకపోవడం, నలుగురితో కూర్చుని తినడానికే టెన్షన్ పడటం మొదలైతే కొన్నాళ్లు రాయడం ఆపి ఆ సంగతి కూడా డాక్టర్‌కి చెప్పండి.

వాపు తగ్గడం వల్ల కాకుండా ఊరికే బరువు తగ్గుతున్నా, బట్టలు వదులవుతున్నా, మాంసం వాసన పడక ఆకలి చచ్చిపోయినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. వెళ్లేటప్పుడు పుస్తకంతో పాటు ఎక్కువగా వాడే ప్యాకెట్ల లేబుల్ ఫోటోలు, వేసుకునే మందులన్నీ తీసుకెళ్లండి. కొత్త రిపోర్టు చూపించి, ఏవి ఇంకా తగ్గించాలి అని అడిగినట్టే, మానేసినవాటిలో ఏవి మళ్లీ తినవచ్చు అని కూడా అడగండి. చాలామంది అడగని ప్రశ్న ఇదే. చెప్పిన కొత్త అంకెలను తేదీ వేసి మొదటి పేజీలో రాసి, పాతవి కొట్టేయండి.