అంబాసిడర్ వీల్ క్యాప్ సొట్ట పడకుండా తీయడం, బిగించడం

మా నాన్న కొన్న అంబాసిడర్ మార్క్ 2 ఇప్పటికీ చిత్తూరులో మా ఇంటి ముందు వేపచెట్టు నీడలోనే ఉంటుంది. దాని నాలుగు వీల్ క్యాపుల్లో, అంటే చక్రం మధ్యలో నట్లని కప్పే మెరిసే మూతల్లో, మూడింట్లో ముఖం చూసుకోవచ్చు, నాలుగోదాని అంచు మీద మాత్రం ఎలుక కొరికినట్టు ఒక నొక్కు ఉంది. రేణిగుంట రోడ్డులో ఒక పంక్చర్ షాపు కుర్రాడు సన్నటి స్క్రూడ్రైవర్ దూర్చి ఒక్క ఊపున పెకలించినప్పుడు పడింది అది. టింకరింగ్‌లో సొట్ట తీస్తారు గానీ లేచిపోయిన క్రోమ్‌ని తిరిగి అతికించలేరు కదా, మళ్లీ ప్లేటింగ్‌కి ఇవ్వాల్సిందే. అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది, ఇంత పాత మోడల్‌కి సొట్ట లేని క్యాప్ దొరకడం మరీ కష్టం. కాబట్టి పాత బండి ఉన్నవాళ్లు ఈ పని తామే నేర్చుకోవాలి, కనీసం పక్కన నిలబడి చేయించుకునేంతైనా తెలిసి ఉండాలి.

ముందు క్యాప్ దేన్ని పట్టుకుని నిలబడుతుందో చూడండి. దానికి బోల్టులేమీ ఉండవు. చక్రం రేకు మీద మూడు నాలుగు చోట్ల బుడిపెలు గానీ స్ప్రింగ్ క్లిప్పులు గానీ ఉంటాయి, క్యాప్ లోపలి అంచు వాటి మీదుగా జారి టక్కున కూర్చుంటుంది. మా బండికి మూడు చోట్ల ఉంది. పట్టు అంతా ఆ మూడు చోట్లే, మిగతా అంచు పలచటి రేకు. పట్టు ఎక్కడుందో తెలియకుండా ఎక్కడ పడితే అక్కడ లీవర్ పెట్టి లేపితే క్లిప్పు వదలదు, రేకు వంగుతుంది. టార్చి వేసి అంచు సందులో చుట్టూ చూస్తే బుడిపె కనిపిస్తుంది, లేదంటే గోటితో తట్టుకుంటూ వెళ్లండి, పట్టు ఉన్నచోట శబ్దం గట్టిగా, పొట్టిగా వస్తుంది. ఒకసారి కనుక్కున్నాక గాలి వాల్వుకి అది ఏ పక్కన ఉందో గుర్తుపెట్టుకుంటే మళ్లీ వెతకక్కర్లేదు.

బండి చదునైన నేల మీద పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, జాకీ ఎత్తకముందే క్యాప్ తీసేయండి. జాకీ మీద ఉన్న బండిని క్యాప్ కోసం గుంజడం ప్రమాదం. ఘాట్ దిగి వచ్చిన వెంటనే కూడా వద్దు, బ్రేక్ డ్రమ్ముల వేడికి చక్రం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండి క్యాప్ కూడా అంతే, నేనైతే పొద్దున్నే చేస్తాను. చేతికి గ్లౌజులు ఉండాలి, లోపలి అంచు బ్లేడులా కోస్తుంది.

పనిముట్టు వెడల్పుగా, చదునుగా ఉండాలి. పాత వీల్ స్పానర్లు కొన్నింటికి ఒక కొన చదునుగా ఉండేది ఇందుకే. అది లేకపోతే వెడల్పాటి టైర్ లీవర్ కొనకి రెండు మడతలు పాత కాటన్ గుడ్డ చుట్టండి, చక్రం పెయింటు మీద కూడా ఆ చోట మాస్కింగ్ టేపు రెండు పొరలు వేయండి. బుడిపె పక్కనే సందులోకి కొన దూర్చి లీవర్‌ని మెల్లగా పక్కకి తిప్పాలి. నాకు ఇది నేర్పిన మెకానిక్ పెద్దాయన ఒకే మాట పదే పదే అనేవాడు, "సామీ, పక్కకి తిప్పు, పైకి ఎత్తొద్దు." పైకి ఎత్తితే బరువంతా ఒక్క బిందువు మీద పడుతుంది, ఒకవైపు చక్రం పెయింటు గీరుకుపోతుంది, ఇంకోవైపు క్యాప్ అంచు వంగుతుంది. తిప్పితే లీవర్ వెడల్పే సందుని తెరుస్తుంది. కాస్త కదలగానే రెండో బుడిపె దగ్గరికి వెళ్లి అక్కడ కూడా కొంచెం, ఇంకో చేత్తో క్యాప్‌ని పట్టుకునే ఉండాలి, లేదంటే ఎగిరి రోడ్డు మీద పడుతుంది. తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటే బుడిపెల దగ్గర తుప్పు వదిలించే స్ప్రే నాలుగు చుక్కలు వేసి అరగంట ఆగండి, తొందరపడకండి. ముందు చక్రాల మధ్యలో కనిపించే చిన్న కప్పు గ్రీజు క్యాప్, బేరింగులోకి దుమ్ము పోకుండా ఉండేది, దాన్ని ముట్టుకోవద్దు.

తీసిన క్యాప్‌ని బోర్లా పెడతారా, వెల్లకిలా పెడతారా అన్నది చిన్న విషయం కాదు. చాలామంది దాన్ని గిన్నెలా వెల్లకిలా పెట్టి అందులో నట్లు వేస్తారు, అప్పుడు మెరిసే ముఖం కంకర మీద ఉంటుంది, కాలు తగిలితే అలాగే గీసుకుంటూ పోతుంది. గుడ్డ మీద బోర్లా పెట్టండి, నట్లకి వేరే డబ్బా పెట్టుకోండి.

బిగించేముందు నట్లన్నీ బిగువుగా ఉన్నాయో లేదో చూసి, లోపలి అంచు, బుడిపెలు తుడవండి. ఇసుక ఉంటే అదే ఎమరీ కాగితంలా అరగదీస్తుంది. క్యాప్‌ని ముందు రెండు బుడిపెల మీద కూర్చోబెట్టి అరచేత్తో అదిమి పట్టుకోండి, మూడో బుడిపె ఉన్నచోటే, దాని మీదుండే అంచు దగ్గర అరచేతి మడమతో ఒక్క దెబ్బ. రాకపోతే టవల్ మడిచి అడ్డుపెట్టి రబ్బరు సుత్తితో కొట్టొచ్చు. క్యాప్ నడిమధ్యలో మాత్రం ఎప్పుడూ కొట్టకండి, అక్కడ కింద ఆసరా ఏమీ ఉండదు, సొట్ట పడేది అక్కడే. వదులుగా ఉంటే క్యాప్ అంచుని వంచకుండా స్ప్రింగ్ క్లిప్పునే కొద్దిగా బయటికి లాగండి. బుడిపె అరిగిపోయి ఉంటే దాని మీద సన్నటి సైకిల్ ట్యూబు ముక్క పెట్టి బిగిస్తే కొన్నాళ్లు ఆగుతుంది, గలగల శబ్దం కూడా పోతుంది.

చక్రం మొత్తం కప్పే పెద్ద కవర్లకి అంచు చుట్టూ పళ్లు ఉంటాయి. వాటిని ఒకేచోట లేపకుండా చుట్టూ కొంచెం కొంచెంగా వదిలించాలి. బిగించేటప్పుడు వాల్వు రంధ్రంతోనే మొదలుపెట్టండి, ఎందుకంటే కవర్ వదులై చక్రం మీద తిరిగిందంటే ఆ రంధ్రం అంచు ట్యూబు వాల్వుని కోసేస్తుంది.

ఇక కాణిపాకంలో పూజ చేయించే మనవాళ్లకి ఒక మాట. పసుపు, కుంకుమ క్యాప్ మీద పెట్టడం మన ఆనవాయితీ, తప్పకుండా పెట్టించుకోండి, ఇంటికి రాగానే తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. ఆ తడి అంచు కింద చేరి రోజుల తరబడి ఉంటే క్రోమ్‌లో ఎక్కడైనా గీత ఉన్నచోట తుప్పు మొదలవుతుంది. గిన్నెలు తోమే పీచు అస్సలు వాడొద్దు, పైనున్న క్రోమ్ పొర చాలా పలచన, సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

బిగించాక అంచు చుట్టూ వేలితో తట్టి చూడండి, బుడిపెలున్న చోట్ల డొల్లగా వినిపించకూడదు. తర్వాత కిటికీ దించి వీధిలో రెండు మలుపులు తిప్పి, దిగి, మళ్లీ ఒకసారి చేత్తో అదమండి. బెంగళూరు వైపు మొగిలి ఘాట్ ఎక్కే ముందు నేను బంగారుపాళ్యం దగ్గర ఆపి ఇదే చేస్తాను, లోయలోకి ఎగిరిపోయిన క్యాప్‌ని ఎవరూ వెతికి తేలేరు.