అరిగిన ఆకురాయి, హుద్‌హుద్ తుమ్మ, ఒక చేపల కత్తి

మా విశాఖలో కత్తులన్నీ పిడి దగ్గరే చస్తాయి. సముద్రపు గాలి ఒకటి, చేపల తడి ఒకటి. పిడికీ ఇనుముకీ మధ్య వెంట్రుక పట్టేంత సందున్నా చాలు, ఉప్పునీరు దూరి లోపల్లోపలే తినేస్తుంది. నేను చేసిన రెండో కత్తి అలాగే పోయింది. పైకి నిగనిగలాడుతూనే ఉంది, ఓ ఆదివారం చందువ కోస్తుంటే పిడి చేతిలోకొచ్చింది, అలుగు చేపలోనే ఉండిపోయింది. మూడోది ఇంకా వాడుతున్నాం. అది చేసిన పద్ధతే ఇది.

ముందు ఇనుము. గాజువాక ఆటోనగర్ షెడ్లలో అరిగిన ఆకురాళ్లు, అంటే ఇనుము అరగదీసే ఫైళ్లు, మూలన పడుంటాయి. పది అంగుళాల చదునుది ఒకటి అడిగి తెచ్చుకోండి. మంచి ఆకురాయిలో కార్బన్ ఒక శాతం పైనే ఉంటుంది, కత్తికి కావలసింది అదే. చవక రకాలకి పైపొర మాత్రమే గట్టి, లోపలంతా మెత్తటి ఇనుము. అందుకే కళ్లద్దాలు పెట్టుకుని, ఓ మూల పైపొర పోయేదాకా గ్రైండర్‌కి ఆనించి చూడండి. రవ్వలు చిచ్చుబుడ్డిలా చిట్లితే మంచి సరుకు. చిట్లకుండా పొడుగు గీతల్లా పోతే తిరిగిచ్చేయండి.

కొలిమి పెద్ద విషయం కాదు. చిల్లుపడ్డ ఇనుప బాండీకి బంకమట్టి మెత్తి, పక్క నుంచి గొట్టం పెట్టి చేతి బ్లోయర్ తగిలించాను. బొగ్గులు ఇస్త్రీ బండి అతను ఎక్కడ కొంటాడో అక్కడే. ఆకురాయిని ఎర్రగా కాల్చి, బూడిదలో కప్పెట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి మెత్తబడి మామూలు హ్యాక్సాకే తెగుతుంది. ఆరంగుళాల అలుగు కోసుకోండి. పళ్లు పూర్తిగా అరగదీయాలి, ఒక్క గాడి మిగిలినా రేపు నూనెలో ముంచినప్పుడు పగులు అక్కడే మొదలవుతుంది. పదును వైపు మిల్లీమీటరు మందం ఉంచండి, మరీ పలచన చేస్తే కాల్చినప్పుడు వంకర పోతుంది.

ఇక పిడి. నా దగ్గరున్నది 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుఫానుకి పడిపోయిన మా వీధి తుమ్మచెట్టు ముక్క. ఏళ్లకేళ్లు అటక మీద ఆరింది. ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర చెక్కడానికి హాయిగా ఉంటుంది కానీ తడిలో నానే పిడికి అంత మెత్తనిది వద్దు. పాత గుమ్మం టేకైనా ఫర్వాలేదు.

ఆకురాయికి తోక, అంటే పిడిలోకి దూరే సన్నటి కొస, ఉండనే ఉంది, దాన్ని కోసెయ్యకండి. పిడి మధ్యలో తోక కంటే సన్నగా రంధ్రం వేయండి. తోకని మాత్రమే ఎర్రగా కాల్చి, అలుగుని పట్టకారుతో పట్టుకుని రంధ్రంలోకి దించి, మూడు లెక్కపెట్టి లాగేయాలి. తుమ్మ చుయ్యిమని పొగ కక్కుతుంది, కళ్లు మండుతాయి. మసి దులిపి మళ్లీ దించండి. నాలుగైదు సార్లకి తోక ఆకారమే కర్రలో అచ్చు పడుతుంది. చివరి పావంగుళం మిగిలుండగా ఆపేయాలి, ఆఖర్న బిగించేటప్పుడు అది పట్టు ఇస్తుంది. ఈ పని అలుగుని గట్టిపరచక ముందే చేయాలి. తర్వాత చేస్తే తోక వేడి పైకి పాకి అలుగు గట్టిదనం దిగిపోతుంది.

పిడి నోటికి రోకలికి ఉన్నట్టే పొన్ను కావాలి, లేకపోతే కర్ర చీలుతుంది. పాత పంపు స్టౌలో గాలి కొట్టే ఇత్తడి గొట్టం ఉంటుంది చూశారూ, దాన్నుంచి అంగుళం ముక్క కోశాను. కర్రని కొంచెం లావుగానే ఉంచి దెబ్బలతో ఎక్కించాలి.

అలుగు గట్టిపరచడం సాయంత్రం మసక వెలుతుర్లో పెట్టుకోండి, ఎండలో ఎరుపు తెలియదు. అయస్కాంతం అంటుకోవడం మానేసిందంటే దాదాపు 770 డిగ్రీలు దాటినట్టు. ఇంకాస్త కాల్చి, గోరువెచ్చని నూనెలోకి నిట్టనిలువుగా దించండి. అడ్డంగా దించితే వంగుతుంది. నాకు నూనె మిరపకాయ బజ్జీల బండి దగ్గర మిగిలినది, వీధంతా బజ్జీల వాసన. నూనె ఇనుప డబ్బాలోనే ఉండాలి, మూత పక్కనే ఉండాలి. మంట లేస్తే మూత వేయండి, నీళ్లు మాత్రం పోయకండి. చల్లారాక వేరే ఆకురాయితో గీస్తే గాజు మీద జారినట్టు జారాలి.

అక్కడితో సంబరపడి ఆగిపోయాను మొదటిసారి. వంజరం తల నరకబోతే అలుగు సగానికి పుటుక్కుమంది. ఆ స్థితిలో ఇనుము గాజే. పాత ఓటీజీలో (కేకులు కాల్చే కరెంటు ఓవెన్) 200 డిగ్రీల దగ్గర గంటసేపు, చల్లార్చి మళ్లీ గంటసేపు ఉంచితే పెళుసు తగ్గుతుంది. మెరిసేలా రుద్దిన చోట లేత ఎండుగడ్డి రంగు వస్తే సరిపోయినట్టు.

రంధ్రం నిండా ఎరాల్డైట్ పోసి, తోక దించి, పిడి అడుగున సుత్తితో కొట్టండి. అలుగు బరువుకి అదే లోపలికి దిగుతుంది. పొన్ను అంచున జిగురు పొంగి రావాలి. పొంగకపోతే లోపల ఖాళీ ఉన్నట్టే, తీసి మళ్లీ పోయండి. నా రెండో కత్తిని చంపింది ఆ ఖాళీయే. పొంగినదాన్ని తుడిచేయకుండా సందు చుట్టూ వేలితో గట్టులా సర్ది, ఒక రోజు కదపొద్దు. తర్వాత ఉప్పుకాగితం, దాని మీద రెండు పూతలు అవిసె నూనె. ఆ నూనె గుడ్డని ఉండచుట్టి పారేయకండి, దానంతటదే రాజుకుంటుంది. పరిచి ఆరబెట్టండి.

సానరాయి మీద ఇరవై డిగ్రీల వాలున పదును పెట్టుకోండి. చేప కోయగానే కడిగి, తుడిచి, కొబ్బరినూనె చుక్క రాయండి. గిన్నెలతో పాటు సింకులో నానబెట్టొద్దని ఇంట్లోవాళ్లకి చెప్పండి. మా ఇంట్లో ఈ మాట మీద రెండుసార్లు గొడవైంది, ఇప్పుడు కత్తి మేకుకి వేలాడుతోంది.