టెస్లా షేరును ఏళ్ల తరబడి ఉంచుకోవాలంటే: ఎలా కొనాలి, ఏం చూడాలి, ఎప్పుడు అమ్మాలి

2010 జూన్‌లో 17 డాలర్లకు నాస్‌డాక్‌లోకి వచ్చిన టెస్లా షేరు 2020లో ఒకటికి ఐదుగా, 2022లో ఒకటికి మూడుగా విడిపోయింది. అప్పట్లో ఒక్క షేరు కొని కదపకుండా ఉంచినవారి దగ్గర ఇప్పుడు 15 ఉంటాయి. ఈ లెక్క చూపించి ‘కొని పడేసి మరిచిపో’ అనేవాళ్లకు కొదవలేదు. ఆ మాట వినకండి. మూడు నెలలకోసారి ఒక పూట కూర్చుని లెక్కలు చూసే ఓపిక ఉంటేనే ఈ షేరు జోలికి వెళ్లండి. లేదంటే అమెరికాలోని 500 పెద్ద కంపెనీల షేర్లను కలిపి ఉంచే ఎస్ అండ్ పీ 500 ఇండెక్స్ ఫండ్ చాలు. 2020 డిసెంబరు నుంచి టెస్లా అందులోనూ ఉంది.

1. ఖాతా, డబ్బు పంపడం

ఇండియాలో ఉంటే, విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన పథకం ఎల్‌ఆర్‌ఎస్ కింద ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల దాకా పంపవచ్చు. అమెరికా షేర్లు కొనిపెట్టే బ్రోకరు దగ్గర ఖాతా, పాన్, పన్ను లెక్కలో మీరు అమెరికా బయటివారని చెప్పే డబ్ల్యూ-8బెన్ ఫారం, డబ్బు ఎందుకు పంపుతున్నారో బ్యాంకుకు చెప్పే ఎ2 ఫారం కావాలి. 2025 ఏప్రిల్ నుంచి, ఏడాదిలో పంపింది 10 లక్షల రూపాయలు దాటితే ఆపై మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. రిటర్ను వేసేటప్పుడు అది మీ పన్నులో సర్దుబాటవుతుంది కాబట్టి ఖర్చు కింద రాసుకోకండి. నెలనెలా చిన్న మొత్తాలు పంపితే బ్యాంకు చార్జీలకే పోతుంది. మూడు నెలల డబ్బు పోగేసి ఒకేసారి పంపండి. అమెరికాలో ఉన్నవారికి ఈ తతంగం లేదు, మామూలు బ్రోకరేజీ ఖాతా సరిపోతుంది.

2. ఎంత, ఎలా కొనాలి

షేర్లలో ఉన్న మీ మొత్తం డబ్బులో 5 శాతం. అంతకు మించొద్దు. జీతంతో పాటు కంపెనీ షేర్లు వచ్చే ఐటీ ఉద్యోగులకు 3 శాతమే, ఎందుకంటే మీ సొమ్ము ఇప్పటికే అమెరికా టెక్ షేర్లలో ఇరుక్కుని ఉంది.

2021 నవంబరులో ఈ షేరు 410 డాలర్ల దగ్గర ముగిసింది (తర్వాతి విభజనకు తగ్గట్టు సరిచేసిన ధర). 2023 జనవరి మొదట్లో 108. ఆ పతనం నుంచి అసలు వెనక్కి రావాలంటే ధర 3.8 రెట్లు కావాలి. 2024 డిసెంబరులో 480కి చేరి, మూడు నెలలు తిరక్కుండానే 222కి పడింది. 5 శాతమే పెట్టినవాళ్లు ఇలాంటివి తట్టుకుంటారు. సగం ఆస్తి పెట్టినవాళ్లు అట్టడుగున అమ్ముకుని బయటపడతారు.

మొత్తాన్ని ఎనిమిది భాగాలు చేసి, త్రైమాసిక ఫలితాలు వచ్చిన రెండు రోజుల తర్వాత ఒక్కో భాగం లిమిట్ ఆర్డరుతో (మీరు చెప్పిన ధరకు మించి కొనని ఆర్డరు) కొనండి. ఆప్షన్లు (ముందే అనుకున్న ధరకు గడువులోగా కొనే లేదా అమ్మే హక్కునిచ్చే ఒప్పందాలు) వద్దు. టెస్లా రోజువారీ కదలికను రెట్టింపు చేసే, షేరులాగే మార్కెట్లో దొరికే ఫండ్లు, అంటే ఈటీఎఫ్‌లు అసలే వద్దు. షేరు ఒకరోజు 10 శాతం పడి మర్నాడు 11.1 శాతం లేస్తే మొదటి ధరకే వస్తుంది, రెట్టింపు ఈటీఎఫ్ మాత్రం 2.2 శాతం నష్టంలో మిగులుతుంది. ఇంతగా ఊగే షేరులో ఈ కోత ఏళ్ల తరబడి పేరుకుపోతుంది.

3. ఫలితాలు చదవడం: పని చెడేది ఇక్కడే

జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు మొదటి వారంలో డెలివరీల సంఖ్య వస్తుంది. అదే నెల చివర్లోగా ఫలితాలు వస్తాయి. వార్తల్లో శీర్షిక చదివి వదిలేయకండి. అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ వారి ఎడ్గార్ సైటులో 10-క్యూ (త్రైమాసిక నివేదిక), ఏడాదికోసారి 10-కె (వార్షిక నివేదిక) తెరవండి.

మొదట చూడాల్సింది ఆపరేటింగ్ లాభం, అంటే వడ్డీ, పన్నులు లెక్కలోకి రాకముందు వ్యాపారం మిగిల్చిన లాభం. అందులోంచి రెగ్యులేటరీ క్రెడిట్ల ఆదాయం తీసేయండి. కాలుష్య ప్రమాణాలు అందుకోలేని కార్ల కంపెనీలు జరిమానా తప్పించుకోవడానికి టెస్లా దగ్గర ఈ క్రెడిట్లు కొంటాయి. టెస్లాకు వాటి మీద ఖర్చు దాదాపు ఉండదు, వచ్చినదంతా లాభమే. కానీ అది కార్లు అమ్మి సంపాదించిన లాభం కాదు, చట్టం మారితే ఆగిపోతుంది. 2025 జులైలో అమెరికా చేసిన చట్టం ఇంధన ప్రమాణాల జరిమానాను సున్నా చేసింది కూడా.

ఈ తీసివేత చేస్తే ఏం కనిపిస్తుందో చూడండి. 2022లో 13.7 బిలియన్ (బిలియన్ అంటే 100 కోట్లు) డాలర్లలో 1.8 తీసేస్తే 11.9. 2023లో 8.9లో 1.8 పోగా 7.1. 2024లో 7.1లో 2.8 పోగా 4.3. ఇదే కాలంలో డెలివరీలు 13.1 లక్షలు, 18.1 లక్షలు, 17.9 లక్షలు. అంటే 2024లో, 2022 కంటే దాదాపు 4.8 లక్షల కార్లు ఎక్కువ అమ్మి సుమారు మూడోవంతు లాభమే తెచ్చుకున్నారు. 2023 జనవరి నుంచి వరసగా తగ్గించిన ధరలు ఇందుకు పెద్ద కారణం. డెలివరీల సంఖ్య ఒక్కటే చూసి మురిసిపోయేవాళ్లకు ఇది కనిపించదు. 2025 మొదటి త్రైమాసికంలో నికర లాభం 40.9 కోట్ల డాలర్లయితే క్రెడిట్ల ఆదాయమే 59.5 కోట్లు.

నికర లాభాన్ని నమ్మి లెక్క కట్టకండి. 2022లో 12.6 బిలియన్లు ఉన్నది 2023లో 15కి పెరిగినట్టు కనిపిస్తుంది. అందులో 5.9 బిలియన్లు పన్ను పద్దులో ఒక్కసారికి చేసిన సర్దుబాటు. 2024 చివరి త్రైమాసికంలో టెస్లా దగ్గరున్న బిట్‌కాయిన్ ధర పెరిగినందుకు 60 కోట్ల డాలర్లు కలిశాయి. పీఈ నిష్పత్తి (షేరు ధర లాభానికి ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) చూపించే సైట్లు చాలావరకు ధరను ఈ నికర లాభంతోనే భాగిస్తాయి, కాబట్టి ఆ సంఖ్య పక్కన పెట్టి మీరే లెక్కించండి.

డెలివరీలను ఒక్క త్రైమాసికంతో తూచవద్దు. అమెరికాలో 7,500 డాలర్ల పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగుస్తుందని తెలిసి జనం ముందే కొన్నారు. ఆ త్రైమాసికంలో సుమారు 4.97 లక్షలు, తర్వాతి దానిలో 4.18 లక్షలు. నాలుగు త్రైమాసికాలు కలిపి, కిందటేటితో పోల్చండి.

కరెంటును పెద్ద బ్యాటరీల్లో నిల్వ చేసే టెస్లా వ్యాపారాన్ని చాలామంది పట్టించుకోరు. అమర్చిన నిల్వ సామర్థ్యం 2023లో 14.7 గిగావాట్ అవర్లు, 2024లో 31.4. ఆ ఏడాది దాని స్థూల మార్జిన్ (అమ్మకాల్లో తయారీ ఖర్చు పోగా మిగిలే శాతం) 26 శాతం, కార్లది 18. ప్రతి 10-క్యూలో ఆ పద్దుకు ఒక గడి కేటాయించండి. డ్రైవరు లేని రోబోటాక్సీలకు, మనిషి ఆకారపు (హ్యూమనాయిడ్) రోబోలకు మాత్రం ఆదాయం విడి పద్దుగా కనిపించేదాకా మీ లెక్కలో సున్నా వేయండి. 2020 నాటికి పది లక్షల రోబోటాక్సీలు రోడ్డెక్కుతాయని టెస్లా అధినేత మస్క్ 2019లో చెప్పారు. ఆస్టిన్‌లో కొద్ది కార్లతో సేవ మొదలైంది 2025 జూన్‌లో.

4. ఎప్పుడు అమ్మాలి

కొన్న రోజే కాగితం మీద రాయండి: క్రెడిట్లు తీసేసిన ఆపరేటింగ్ లాభం వరసగా రెండేళ్లు తగ్గితే సగం అమ్ముతాను, టెస్లా వాటా నా షేర్లలో 10 శాతం దాటితే మళ్లీ 5కి తెస్తాను. మొదటి నియమం ప్రకారం 2025 జనవరి చివర్లో, 400 డాలర్ల దగ్గర, సగం అమ్మాల్సి వచ్చేది. మార్చికి 222 అయింది, ఆ తర్వాత మళ్లీ పైకి వెళ్లింది. అందుకే సగమే అమ్మమంటాను. ధర పడిందని మాత్రం అమ్మకండి, పడిందని ఎక్కువా కొనకండి.

5. పన్ను

ఇండియాలో ఉన్నవారికి 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం, సెస్సు అదనం. ముందే అమ్మితే మీ శ్లాబు ప్రకారం. ఇక్కడి షేర్లకున్న 1.25 లక్షల మినహాయింపు దీనికి వర్తించదు. ఐటీఆర్-1 వేయకూడదు. ఐటీఆర్-2లో షెడ్యూల్ ఎఫ్ఏ (విదేశీ ఆస్తుల వివరాలు) నింపాలి, అదీ ఆర్థిక సంవత్సరానికి కాదు, జనవరి నుంచి డిసెంబరు వరకు. ఒక్క షేరు ఉన్నా నింపాలి.

ఇంకొకటి. అమెరికా పౌరులూ నివాసులూ కానివారు చనిపోయేనాటికి వారి పేరున 60,000 డాలర్లకు మించి అమెరికా ఆస్తులుంటే, పై మొత్తం మీద అక్కడి ఎస్టేట్ ట్యాక్స్ (చనిపోయినవారి ఆస్తి మీద వేసే పన్ను) 40 శాతం దాకా పడుతుంది. దీనిపై ఇండియాతో ఒప్పందం లేదు. అమెరికా షేర్లన్నీ కలిపి ఆ గీత దగ్గరకు వస్తుంటే, మిగతా కొనుగోళ్లు జీవిత భాగస్వామి పేరున విడి ఖాతాలో, వారి సొంత డబ్బుతో చేయించండి.