నులిపురుగులు మళ్లీ మళ్లీ వస్తుంటే ఏం చేయాలి

"బడిలో మాత్ర వేశారు కదా నర్సమ్మా, మళ్లీ ఈ దురదేంటి?" మా సబ్‌సెంటర్‌కి వచ్చే తల్లులు ఎప్పుడూ అడిగేదే ఇది. ఏటా ఫిబ్రవరి 10న, మళ్లీ ఆగస్టులో, ఏడాది నుంచి 19 ఏళ్ల వాళ్లకు మేం వేసే అల్బెండజోల్ ముఖ్యంగా మట్టి నుంచి వచ్చే ఏలికపాములు, కొంకిపురుగుల కోసం. నులిపురుగులు కూడా దానికి చస్తాయి. గుడ్లు మాత్రం మిగులుతాయి, అవి మీ పక్కబట్టల్లోనే ఉంటాయి. డాక్టరు చీటీలో ఎంటరోబయాసిస్ అని కనిపిస్తే కంగారు పడకండి, అది ఈ జబ్బు పేరే.

ముందు అవునో కాదో తేల్చుకోండి. పిల్లాడు నిద్రపోయిన రెండు మూడు గంటలకు టార్చి వేసి మలద్వారం చుట్టూ చూడండి. ఆడపురుగు గుడ్లు పెట్టడానికి రాత్రిపూటే బయటికి వస్తుంది. సెంటీమీటరు పొడవున తెల్లదారం ముక్కలా కదులుతుంటుంది. కనిపించకపోతే పొద్దున్నే, దొడ్డికి వెళ్లకముందే, కడగకముందే, పారదర్శకంగా ఉండే టేపుని అక్కడ అద్ది తీసి ల్యాబుకి ఇవ్వండి. వరసగా మూడు రోజులు చేస్తే మేలు. మల పరీక్షలో ఇవి చాలాసార్లు దొరకవు, ఎందుకంటే గుడ్లు పెట్టేది బయట చర్మం మీద. ఇక బెల్లం తిన్నందుకు పురుగులు పుట్టాయనే మాట వదిలేయండి. బెల్లంలోంచి ఏ పురుగూ పుట్టదు. ఇంట్లో కుక్కనీ తిట్టకండి, ఇవి మనిషి నుంచి మనిషికే అంటుతాయి.

మందు డాక్టరుని అడిగే వేయండి. మామూలుగా రెండేళ్లు దాటినవాళ్లకు అల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, నమిలి మింగాలి. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు సగం మాత్ర, పొడి చేసి నీళ్లతో. ఏడాది లోపు బిడ్డ, గర్భిణి ఉంటే మీ అంతట మీరు వేయొద్దు. దురద ఉన్న పిల్లాడికి ఒక్కడికే వేస్తే డబ్బు దండగ. వాడిని పక్కన పడుకోబెట్టుకునే నాయనమ్మతో సహా ఇంట్లో అందరూ ఒకే రోజు వేసుకోవాలి. ఇప్పుడు మిగిలిన గుడ్ల నుంచి వచ్చే పురుగుల కోసం రెండు వారాలకు మళ్లీ అదే మోతాదు. ఈ రెండో మాత్రే అందరూ మర్చిపోయేది. తేదీని గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టండి.

అసలు పని ఇంట్లో ఉంది. గుడ్లు పెట్టిన కొన్ని గంటల్లోనే అంటించే స్థితికి వస్తాయి, ఇంట్లో రెండు మూడు వారాలు బతుకుతాయి. పిల్లాడు గోక్కుంటే గోళ్లలోకి, అక్కణ్నుంచి నోట్లోకి. అందుకే గోళ్లు పొట్టిగా కత్తిరించాలి. గోళ్లు పెంచి రంగు వేసుకునే ఆడపిల్లలతో నాకు ఇక్కడే పేచీ. రాత్రి బిగుతైన డ్రాయరు వేసి పడుకోబెట్టండి. పొద్దున లేవగానే మగ్గుతో నీళ్లు పోసి స్నానం చేయించి, డ్రాయరు మార్చేయండి. దుప్పట్లు మనకు అలవాటైనట్టు మంచం మీదే దులపకండి. గుడ్లు గాల్లోకి లేచి అందరి నోళ్లలో పడతాయి. మెల్లగా చుట్టి తీసుకెళ్లి, వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. నేలనీ చీపురుతో దుమ్ము రేపకుండా తడిగుడ్డతో తుడవండి. దొడ్డికి వెళ్లొచ్చాక, అన్నం ముందు సబ్బుతో చేతులు కడగడం సంగతి చెప్పక్కర్లేదు.

ఆడపిల్లల్లో ఈ పురుగులు ఒక్కోసారి ముందువైపుకీ పోతాయి. అక్కడ దురద, తెల్లబట్ట కనిపిస్తే సిగ్గుపడి దాచకుండా పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. రెండో మాత్ర తర్వాత కూడా దురద తగ్గకపోయినా, గోకి గోకి పుండు పడినా, కడుపునొప్పి ఎక్కువగా ఉన్నా అంతే. బడి మాత్రం మాన్పించనక్కర్లేదు.