పార్కులో చిన్న పెళ్లి - మూడో పాఠం: ఆకుపచ్చ పక్కన ఏ రంగు?

మొదటి పాఠంలో అతిథుల జాబితాను నలభై మందికి కుదించాం. రెండో పాఠంలో పార్కు అధికారుల అనుమతి సంగతి చూశాం. ఆ కాగితం ఇంకా చేతికి రాకపోతే రంగుల జోలికి వెళ్లకండి. చోటూ వేళా ఖాయం కాకుండా కొన్న గుడ్డ సగం వృథా అవుతుంది. ఎందుకో ఈ పాఠంలో తెలుస్తుంది.

హాలు గోడల రంగు నచ్చకపోతే తెరలు కట్టి కప్పేయొచ్చు. పార్కులో ఆ వీలు లేదు. కింద గడ్డి, వెనక చెట్లు. మీరు ఇంకా ఏమీ ఎంచుకోకముందే ఆకుపచ్చ వచ్చి కూర్చుని ఉంటుంది. కాబట్టి మీ జాబితాలో మొదటి రంగుగా దాన్నే రాసుకోండి. దానికి తోడు మరో మూడు చాలు. అంతకు మించితే చిన్న పెళ్లిలో కన్ను దేనిమీదా నిలవదు.

పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకం పని చూసే రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్‌కు నల్లదారం సరిగా నల్లగా లేదని ఫిర్యాదు వచ్చింది. పరీక్షిస్తే అద్దకంలో లోపమేమీ లేదు. పక్కన నేసిన రంగులే ఆ నలుపును వెలవెలబోయేలా చేస్తున్నాయి. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి మార్చి చూపిస్తాయన్న ఆ సూత్రాన్ని ఆయన 1839లో ప్రచురించాడు. మన పనికి ఇదే పునాది. ఆకుల పక్కన ఎరుపు, గులాబీ మరింత మెరుస్తాయి. పసుపు, నారింజ దూరం నుంచే పిలుస్తాయి. చిలకపచ్చ గుడ్డ దుకాణంలో ఎంత ముచ్చటగా ఉన్నా నిజమైన ఆకుల ముందు తేలిపోతుంది. ముదురు నీలం చెట్టునీడలో కలిసిపోతుంది.

ఇక వేళ. మిట్టమధ్యాహ్నం ఎండ నడినెత్తిన పడి కళ్ల కింద నల్లటి నీడలు వేస్తుంది, లేతరంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. సాయంత్రం నీరెండలో అన్ని రంగులూ అందంగానే ఉంటాయి. కానీ పొద్దు గుంకాక ఒక చిక్కుంది. వెలుతురు తగ్గేకొద్దీ మన కంటికి ఎరుపు ముందు నల్లబడుతుంది, నీలం, ఆకుపచ్చ ఇంకాసేపు నిలుస్తాయి. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే గమనించాడు కాబట్టి దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఒక స్నేహితురాలి పెళ్లికి వేదిక వెనక ముదురెరుపు తెర నేనే ఎంచాను. ముహూర్తం ఆలస్యమై మసకచీకటి పడేసరికి ఆమె వెనక నల్లటి గోడ నిలబడినట్టయింది. ఆ ఫోటోలు చూసినప్పుడల్లా ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మీ వేడుక పొద్దు గుంకేదాకా సాగేలా ఉంటే ముదురెరుపు వద్దు, పసుపో తెలుపో కలిపిన లేతరంగులు తీసుకోండి.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు పైకప్పు గుడ్డ. ఎండ రంగుగుడ్డలోంచి దిగితే ఆ రంగంతా ముఖాల మీద పడుతుంది. నీలం పందిరి కింద నవ్వుతున్న వధువు కూడా జబ్బుపడ్డ మనిషిలా కనిపిస్తుంది. తలపైన ఎప్పుడూ తెల్లటి గుడ్డే కట్టండి. రంగులన్నీ అంచులకూ, పక్క తెరలకూ, కుర్చీల వీపులకూ వెళ్లాలి. తెరలు నిలబెట్టడానికి స్టాండ్లు తెచ్చుకోండి, చెట్లకు మేకులు కొట్టొద్దు.

ఉన్న కొద్దిపాటి రంగునూ పార్కంతా చల్లకండి. వధూవరులు నిలబడే చోట కుప్పగా పోయండి, మిగతా చోట్ల ఆకుపచ్చను అలాగే వదిలేయండి. అతిథుల దుస్తులు కూడా అలంకరణే. ఆహ్వానంలో మీ మూడు రంగుల పేర్లూ ఒక్క వాక్యంలో రాస్తే చాలు. ఎవరినీ బలవంతపెట్టొద్దు. నలభై మందిలో సగం మంది పాటించినా గడ్డి మీద పూలతోట లేచినట్టుంటుంది.

ఈ వారం అభ్యాసం. మీరు అనుకున్న మూడు రంగుల్లో మూరెడేసి గుడ్డముక్కలు కత్తిరించి, పెళ్లి జరిగే వేళకే ఆ చోటికి వెళ్లండి. ఒకరు పట్టుకోవాలి, మీరు ముప్పై అడుగులు వెనక్కి నడిచి చూడాలి. తర్వాత ఒక్కో ముక్కనూ తల మీదుగా ఎత్తి పట్టి ముఖానికి ఫోటో తీయండి. పైన తెలుపే ఎందుకన్నానో అప్పుడు తెలుస్తుంది. గంట ఆగి ఇదంతా మళ్లీ చేయండి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, ఇందాకటి నీడ ఇప్పుడు పక్కకు జరిగి ఉంటుంది. కుర్చీలు వేయాల్సింది ముహూర్తం వేళకు నీడ ఉండే చోట. ఆ హద్దును కాగితం మీద గీసుకోండి.

వచ్చే పాఠం గాలి గురించి. ఆ గుడ్డముక్కలు దాచి ఉంచండి, వాటితోనే మొదలుపెడతాం.