జెనోసైడ్ స్టడీస్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్: దరఖాస్తు ఎలా, తడబాటు ఎక్కడ

జెనోసైడ్ స్టడీస్ అంటే ఒక సమూహాన్ని నాశనం చేయాలని చేసే హింస మీద అధ్యయనం. అమెరికా విశ్వవిద్యాలయాల్లో దీని గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ అంటే సాధారణంగా నాలుగు నుంచి ఆరు కోర్సులు, 12 నుంచి 18 క్రెడిట్లు. డిగ్రీ పూర్తయినవాళ్లు అర్హులు. చేరేవారిలో స్కూలు టీచర్లు, మ్యూజియం ఉద్యోగులు, లాయర్లు, శరణార్థుల సంస్థల్లో పనిచేసేవాళ్లు ఎక్కువ. చాలా ప్రోగ్రాంలు ఆన్‌లైన్‌లోనే నడుస్తాయి.

ఫీజు కట్టకముందే వీసా సంగతి తేల్చుకోవాలి. పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే ప్రోగ్రాంకు ఐ-20 (విద్యార్థి వీసాకు విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం) ఇవ్వరు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారికి ఒక టర్మ్‌లో ఒక ఆన్‌లైన్ కోర్సు, అంటే మూడు క్రెడిట్లు మాత్రమే ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తాయి. కాబట్టి 'ముందు సర్టిఫికెట్‌లో చేరండి, వీసా మేం చూసుకుంటాం' అనే ఏజెంటుకు డబ్బు ఇవ్వకండి. క్యాంపస్‌లో నడిచే సర్టిఫికెట్ అయితే ఐ-20 ఇస్తారో లేదో ఆ విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసును ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. హెచ్-4 (హెచ్-1బీ లాంటి వీసా ఉన్నవారి భార్య/భర్త, పిల్లల వీసా) మీద ఉన్నవాళ్లకు ఈ బెంగ లేదు, ఐ-20 లేకుండానే చదువుకోవచ్చు. అమెరికా బయట ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చదివేవాళ్లకు వీసాతో పనే లేదు.

ఫారం నింపడం అరగంట పని. అకౌంటు మాత్రం సొంత ఈమెయిల్‌తో, సొంత పాస్‌వర్డ్‌తో తెరవాలి. మధ్యవర్తి మెయిల్‌తో తెరిస్తే అడ్మిషన్ లెటర్ ముందు ఆయన చేతికే వెళ్తుంది. ప్రోగ్రాం ఎంచుకునే చోట 'సర్టిఫికెట్' అన్నదే టిక్ చేయాలి. దాని పక్కనే ఉండే 'నాన్-డిగ్రీ' ఎంచుకుంటే క్లాసుల్లో కూర్చోనిస్తారు గానీ, ఆ కోర్సులన్నీ తర్వాత సర్టిఫికెట్‌లో కలుస్తాయన్న హామీ ఉండదు.

ట్రాన్స్‌క్రిప్టు చదివిన ప్రతి కాలేజీ నుంచీ కావాలి, మధ్యలో వదిలేసిన దాన్నుంచి కూడా. అది కాలేజీ నుంచి నేరుగా వెళ్లాలి. సీల్ చేసిన కవర్ మీరు తెరిస్తే అది అఫీషియల్ కాదు. విదేశీ డిగ్రీ అమెరికాలో దేనికి సమానమో తేల్చే వెస్ (WES) లాంటి సంస్థతో మూల్యాంకనం అడిగితే 'కోర్స్-బై-కోర్స్' రిపోర్టు తీసుకోండి. చవకగా వస్తుందని 'డాక్యుమెంట్-బై-డాక్యుమెంట్' తీసుకుంటే అందులో మార్కుల సగటు ఉండదు, మళ్లీ డబ్బు కట్టాల్సి వస్తుంది. మూడేళ్ల డిగ్రీని ఒక్కో విశ్వవిద్యాలయం ఒక్కోలా చూస్తుంది, ముందే అడగడం మేలు.

రెకమెండేషన్ లెటర్లకు ప్రొఫెసర్ల సంస్థ మెయిల్ ఇవ్వండి. ప్రొఫెసర్ పేరుతో ఏజెంట్లు తయారుచేసే జీమెయిల్ ఐడీలు దొరికిపోతే దరఖాస్తు అక్కడితో సరి. ఆ లెటర్ చూసే హక్కు వదులుకుంటారా అని ఫారం అడుగుతుంది. వదులుకుంటే లెటర్‌కు విలువ పెరుగుతుంది.

ఇవన్నీ సక్రమంగా ఉన్నా దరఖాస్తు తిరిగొచ్చేది స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ దగ్గర. ఈ చదువు ఎందుకో మీరు చెప్పే ఒకటి రెండు పేజీల కాగితమే అది. తెలుగువాళ్లకు ఇక్కడ భాషే ఒక చిక్కు తెస్తుంది. మనం మారణహోమం అన్నా, నరమేధం అన్నా పెద్ద సంఖ్యలో మనుషుల్ని చంపారనే అర్థం. 'జెనోసైడ్'లో తూకం సంఖ్యది కాదు. పోలండ్‌కు చెందిన యూదు న్యాయవాది రఫాయెల్ లెమ్‌కిన్ 1944లో పుట్టించిన ఆ మాటకు 1948 డిసెంబర్ 9న ఐక్యరాజ్యసమితి ఒప్పందం చట్టపరమైన అర్థం ఇచ్చింది: ఒక జాతీయ, తెగ, వర్ణ (రేస్, కులం కాదు) లేదా మత సమూహాన్ని పూర్తిగా గానీ కొంత గానీ, ఆ సమూహం అన్న కారణంతోనే, నాశనం చేయాలన్న ఉద్దేశంతో చేసే పనులు. రాజకీయ సమూహాలు ఆ జాబితాలో లేవు. ఈ తేడా తెలియకుండా చరిత్రలో జరిగిన ప్రతి ఊచకోతనూ జెనోసైడ్ అని రాసుకుంటూ పోతే, చదివే ప్రొఫెసర్ మొదటి పేరా దగ్గరే ఆగిపోతారు.

ఏజెంట్లు అమ్మే స్టేట్‌మెంట్లు దాదాపు ఇలా మొదలవుతాయి: 'చిన్నప్పటి నుంచి నాకు మానవత్వం అంటే ప్రాణం. హోలోకాస్ట్‌లో అరవై లక్షల మంది యూదులను చంపారని చదివి చలించిపోయాను.' ఇందులో అబద్ధం లేదు. కానీ ఎవరు సంతకం పెట్టినా సరిపోయే వాక్యాలివి. ఇలా రాస్తే సంగతి వేరు: '1970ల్లో కంబోడియాను పాలించిన ఖ్మేర్ రూజ్ నేతలిద్దరికి 2018లో పడిన తీర్పు వియత్నామీయుల పట్ల జరిగినదాన్ని జెనోసైడ్ అంది. సాధారణ ఖ్మేర్ ప్రజలపై జరిగిన అకృత్యాలను మాత్రం మానవత్వంపై నేరాలుగా చూసింది. ఈ తేడాను తొమ్మిదో తరగతి పిల్లలకు ఎలా చెప్పాలో నేర్చుకోవాలని వస్తున్నాను.' ఒక ఘటన, దానిమీద ఒక ప్రశ్న, ఆ ప్రశ్నకూ మీ పనికీ ఉన్న లంకె. ఈ మూడూ కుదిరితే ఇంగ్లిష్ కాస్త తడబడినా భయం లేదు.

ప్రశ్నకు తగ్గ ప్రోగ్రాం ఎంచుకోవడం దానికి అవతలి సగం. గ్రాట్జ్ కాలేజీలో హోలోకాస్ట్ చరిత్ర, బోధన బలమైనవి. బింగ్‌హామ్‌టన్ విశ్వవిద్యాలయంలోని సంస్థ పేరులోనే 'ప్రివెన్షన్' ఉంది, అంటే నివారణ, విధానాలు. రువాండాలో 1994 జెనోసైడ్‌కు ముందస్తు హెచ్చరికలు ఎందుకు పనిచేయలేదన్న ప్రశ్న గ్రాట్జ్‌కు పంపితే బాగా రాసినా అతకదు. ఒకే కాగితాన్ని నాలుగు చోట్లకు పంపేవాళ్లు సాధారణంగా పడేది ఇక్కడే. ఆ విభాగం కోర్సుల జాబితా తెరిచి, మీ ప్రశ్నకు ఉపయోగపడే కోర్సు పేరు ఒక్కటైనా స్టేట్‌మెంట్‌లో రాయండి. సాక్ష్యాల మీద పనిచేయాలనుకుంటే ఆర్కైవ్ పేరు చెప్పండి. యూఎస్‌సీ షోవా ఫౌండేషన్ ఆర్కైవ్‌లో హోలోకాస్ట్, ఇతర జెనోసైడ్లను చూసినవాళ్ల 55,000కు పైగా వీడియో వాంగ్మూలాలున్నాయి. వాటిలో ఏ భాషవి, ఏ ఘటనవి చూస్తారో రాస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు నడుస్తున్న యుద్ధాల మీద రాయకూడదా? రాయొచ్చు. తీర్పు చెప్పి ముగించకుండా, ఉద్దేశాన్ని ఏ ఆధారాలతో రుజువు చేస్తారన్న ప్రశ్నగా రాయండి. మీ కుటుంబమే అలాంటి హింసను చూసి ఉంటే ఆ సంగతి దాచనక్కర్లేదు, వివరమంతా చెప్పాలన్న నిర్బంధమూ లేదు. రెండు వాక్యాలు చాలు.

ఫెడరల్ (అమెరికా ప్రభుత్వ) రుణం అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లలాంటి కొందరికే. వాళ్లకైనా ఆ సర్టిఫికెట్ ఫెడరల్ సాయానికి అర్హమైన ప్రోగ్రాంల జాబితాలో ఉండాలి, టర్మ్‌కు కనీసం హాఫ్‌టైమ్ క్రెడిట్లు తీసుకోవాలి. అదే విశ్వవిద్యాలయంలోని ఎం.ఏ. జాబితాలో ఉన్నంత మాత్రాన సర్టిఫికెట్ ఉన్నట్టు కాదు. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు ప్రోగ్రాం పూర్తి పేరు చెప్పి అడగండి. తర్వాత ఎం.ఏ.లో చేరే ఆలోచన ఉంటే ఎన్ని క్రెడిట్లు కలుపుకుంటారో కూడా అప్పుడే రాతపూర్వకంగా తీసుకోండి.

చివరి కోర్సు నడుస్తుండగానే చాలాచోట్ల సర్టిఫికెట్ కోసం విడిగా గ్రాడ్యుయేషన్ ఫారం వేయాలి. అది మరిచిపోతే కోర్సులు, గ్రేడ్లు ట్రాన్స్‌క్రిప్టులో కనిపిస్తాయి గానీ, సర్టిఫికెట్ పేరు అందులో ఎక్కదు.